జ్వరం దిగిందని ఊరుకోకండి, ఊపిరి చూడండి

మొన్న మా బంధువుల ఇంట్లో నెమ్ము (న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్) చేసిన తొమ్మిది నెలల బాబుని ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టాక కోలుకున్నాడు. అప్పటిదాకా ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "జ్వరం తగ్గిందిగా, టెన్షన్ ఎందుకు" అని. గంటగంటకీ థర్మామీటర్ చూశారు కానీ చొక్కా ఎత్తి బాబు డొక్కలు ఎవరూ చూడలేదు.

చేతులు కడుక్కోవడం, మాస్క్ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఈ ఒక్క పొరపాటు గురించి. పారాసిటమాల్ వేస్తే జ్వరం దిగుతుంది, నెమ్ము మాత్రం ఎక్కడికీ పోదు. జ్వరం దిగినా ఊపిరి చూడాల్సిందే.

బిడ్డ నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో పొట్ట లేచి దిగడం ఒకటిగా లెక్కపెట్టండి. నిండా ఒక నిమిషం చూడాలి, ఎందుకంటే పసిపిల్లల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది, పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. నిమిషానికి అంతకానీ, ఆపైన కానీ ఉంటే వేగంగా ఉన్నట్టే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 2 నెలల లోపు బిడ్డకైతే, ఊపిరి మామూలుగా ఉన్నా సరే, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే చాలు, వెంటనే బయల్దేరండి.

ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే, అదే డొక్కలు ఎగరేయడం అంటాం, ఇక లెక్క కోసం కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

పెద్ద వయసు వాళ్లకి అసలు జ్వరమే రాకపోవచ్చు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, అన్నం మానేయడం, నాలుగడుగులకే ఆయాసం, ఇవే గుర్తులు.

పెదవులు నీలంగా మారినా, బిడ్డ పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆక్సిమీటర్లో (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేది) 90 శాతం కన్నా తగ్గితే ఎమర్జెన్సీకే. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకి రంగు వేసుకున్నా అది తప్పు చూపించొచ్చు, అంకె బాగుంది కదా అని ఆయాసాన్ని కొట్టిపారేయకండి. తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం, దగ్గు ముదిరితే మొదటిసారి ఇచ్చిన మందే మళ్లీ వేయకండి. మిగిలిన యాంటీబయాటిక్ వేయొద్దు. పెద్దల దగ్గు మందు పిల్లలకి పోయొద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించొద్దు. పిల్లలకి ఆస్పిరిన్ అసలే వద్దు. జ్వరం దిగిందా? మళ్లీ చొక్కా ఎత్తి చూడండి. అనుమానంగా ఉంటే డొక్కలు ఫోన్లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి, ఏ మందు ఎప్పుడు ఎంత వేశారో చీటీ మీద రాసి పట్టుకెళ్లండి.