వెనక డిఫరెన్షియల్ గుయ్‌మంటోందా? విప్పించే ముందు ఇవి చూడండి

బండి అరవై దాటగానే వెనక సీటు కింద గుయ్‌మని ఊళ మొదలైందని గ్యారేజీలో చెప్పి చూడండి, సగంమంది నడిపి చూడకుండానే "క్రౌన్ పినియన్ పోయింది సార్, సెట్ మార్చాలి" అంటారు. డిఫరెన్షియల్ అంటే ఇంజన్ తిప్పుడుని వెనక చక్రాలు రెండింటికీ పంచే గేర్ల డబ్బా, అందులో చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్. నాకూ అదే చెప్పారు, సరేనన్నాను, మొత్తం విప్పారు, తీరా చూస్తే పోయింది ఎడమ చక్రం హబ్ బేరింగ్, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని నడిమధ్యన ఉండే బేరింగ్. విప్పి బిగించిన కూలి మాత్రం నా జేబులోంచే పోయింది.

అసలు మీ బండికి వెనక డిఫరెన్షియల్ ఉందా? నవ్వకండి. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్‌లకు ఉంటుంది. క్రెటా, బ్రెజాలకు ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే, వాటిలో వెనక శబ్దమంటే మొదట వెనక టైర్లు, హబ్ బేరింగ్‌లు చూసుకోవాలి.

పొద్దున్నే ఖాళీ రోడ్డు మీదికి వెళ్ళండి, ఏసీ, పాటలు ఆపేసి, వెనక సీట్లో చెవి బాగా పనిచేసే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే శబ్దం మారిపోతే అది టైర్లదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఊళ, వదలగానే మాయం అయితే క్రౌన్ పినియన్ పళ్ళ మీద అనుమానం. వదిలినప్పుడే ఊళ వేస్తుంటే పినియన్ బేరింగ్ వదులైందేమో చూడాలి. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటుంటే ఏదో బేరింగ్ అరిగింది, అప్పుడు స్టీరింగ్‌ని కొంచెం కుడికి తిప్పండి, బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, గరగర పెరిగితే ఎడమ హబ్, ఎడమకి తిప్పినప్పుడు పెరిగితే కుడి హబ్. నాకు ఈ రెండు నిమిషాల పని ఎవరూ చేసి చూపించలేదు. మలుపుల్లో మాత్రమే వస్తే డిఫరెన్షియల్ లోపలి స్టార్ గేర్లు, అంటే మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే చిన్న గేర్లు. గేరు వేసి కదిలేటప్పుడు టక్‌మంటే మొదట ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కి వచ్చే పొడుగు రాడ్డు) కీళ్ళలో ఉండే యూజే క్రాస్‌లు చూడండి, అవి చాలా చవక.

ఊళ ఎందుకు సన్నగా ఉంటుందంటే, క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 10 ఉన్నాయనుకోండి, చక్రం ఒక్కసారి తిరిగేలోపు పినియన్ 4.3 సార్లు తిరుగుతుంది. అరవై స్పీడులో సెకనుకి 300కి పైగా పళ్ళు ఒకదానికొకటి తగులుతాయి. చక్రం బేరింగ్ తిరిగేది నెమ్మది, అందుకే దానిది బొంగురు గొంతు.

తర్వాత బండి కిందకి దూరాలి. ముందు చక్రాలకి అటూ ఇటూ గట్టి దిమ్మలు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్ముకుని కింద పడుకోవద్దు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ తీసి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో అరచెయ్యి స్ప్రింగ్ మీద ఆనించండి, చెడిన హబ్ అయితే ఇసుక నలుగుతున్నట్టు వేళ్ళకి తెలిసిపోతుంది.

ఇక డిఫరెన్షియల్ ఆయిల్. దించే ప్లగ్ కంటే ముందు పోసే ప్లగ్ విప్పండి, అది తుప్పు పట్టి రాకపోతే ఖాళీ హౌసింగ్‌తో ఇరుక్కుంటారు. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు పేస్ట్ అంటుకుంటే కంగారు లేదు, గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే లోపల పని ఉంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి, చాలావాటికి జీఎల్-5 80డబ్ల్యూ-90 అని డబ్బా మీద రాసి ఉండే గేర్ ఆయిల్. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే రకం డిఫరెన్షియల్) ఉంటే దానికి తగిన ఆయిల్ వేరే. లెవెల్ తగ్గి ఉంటే సీళ్ళు కూడా చూసుకోండి. అరిగిన పళ్ళు ఆయిల్ మార్చితే బాగుపడవు, ఊళ కొన్నాళ్ళు తగ్గుతుంది అంతే.

నిజంగా క్రౌనే పోయిందని తేలితే ఇది ఇంట్లో చేసే పని కాదు, డయల్ గేజ్ (వెంట్రుకవాసి కదలికనీ కొలిచే ముల్లు గేజ్) ఉన్నవాడి దగ్గరికే వెళ్ళండి. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. బేరింగ్ క్యాప్‌లు ఎడమవి ఎడమకే, కుడివి కుడికే, విప్పకముందే గుర్తు పెట్టించండి. పినియన్ నట్టు కింద నలిగే స్లీవ్ ఉండే రకమైతే కొత్తది వేయాల్సిందే, నట్టు ఎక్కువ బిగిసిపోయిందని కొంచెం వెనక్కి తిప్పేస్తే కుదరదు, ఇంకో స్లీవ్ వేసి మళ్ళీ మొదలుపెట్టాలి. బ్యాక్‌లాష్, అంటే క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య వదిలే సందు, చాలా బండ్లకి 0.10 నుంచి 0.20 మి.మీ. దాకా ఉంటుంది, మీ మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క. పళ్ళకి రంగు పూసి తిప్పిస్తే ముద్ర పంటి మధ్యలో పడాలి, అడుగుకి దిగితే పినియన్ క్రౌన్‌కి మరీ దగ్గరగా ఉందని, అంచుకి ఎక్కితే దూరంగా ఉందని అర్థం, షిమ్ (సందు సరిచేసే పల్చటి రింగు) మార్చి మళ్ళీ చూడాలి. ఆ ముద్రని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. "రంగు ఎందుకు సార్, చేతికి తెలుస్తుంది" అనేవాడి దగ్గర బండి వదలొద్దు.

కొత్త సెట్ వేశాక మొదటి 20, 30 కి.మీ. మెల్లగా నడిపి బండిని పూర్తిగా చల్లారనివ్వండి, 800 కి.మీ. దాకా బరువులు వేయకుండా, ట్రాలీ లాగకుండా తిరిగి, అప్పుడు ఆయిల్ ఒకసారి మార్చేయండి, మెరుపులు తేలుతున్నట్టు సన్నటి పొడి దిగుతుంది, కంగారు పడకండి, అది కొత్త పళ్ళ రాపిడి.