పక్కింటి బిడ్డతో కాదు, కార్డులోని గీతతో పోల్చండి

అడుగులేస్తే అరిసెలు పంచుతాం సరే, ఆ అడుగు ఏ నెలలో పడాలన్నదే ఇంటింటా పేచీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 17న్నర నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. కొందరు మోకాళ్ల మీద పాకనే పాకరు, నేరుగా లేచి నిలబడతారు. విశాఖ ఎంవీపీ కాలనీలో వదినగారి మనవడు పదో నెలకే నడిచాడని మీ పాపను వాకర్‌లో కూర్చోబెట్టకండి. అందులో మునివేళ్లతో నెట్టుకుంటూ పోవడమే తప్ప నడక రాదు. పైగా మెట్ల మీంచి దొర్లే ప్రమాదం.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ విషయంలోనే లెక్క ఎక్కువగా తప్పుతుంది. 32 వారాలకు పుడితే నిండు గర్భం 40 వారాలకు 8 వారాలు తక్కువ. కాబట్టి ఆరు నెలల బిడ్డను నాలుగు నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్లు నిండేదాకా ఇలాగే తీసేసి లెక్కేయాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క.

పుట్టిన కొద్ది రోజుల్లో బరువు 10 శాతం దాకా తగ్గి, రెండు వారాలకల్లా పుంజుకుంటుంది. ఐదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు. అంటే 2.8 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి 8.4 దగ్గరుంటే బాగున్నట్టే.

అంగన్‌వాడీలో ప్రతి నెలా అదే కాటా మీద, ముందు సున్నా చూసుకుని, డైపర్ తీసి తూయించండి. తడిసిన డైపర్ ఒక్కటే వంద గ్రాములకు పైగా తూగవచ్చు. తొమ్మిదో నెల దాటాక నెలకు పెరిగేదే రెండు మూడు వందల గ్రాములు. రెండేళ్లలోపు పొడవును పడుకోబెట్టే కొలవాలి. నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది, బిడ్డ కుంచించుకుపోయిందని అనవసరంగా హడలిపోతారు.

తల్లీబిడ్డల కార్డులో ఆడపిల్లకు గులాబీ, మగపిల్లాడికి నీలం చార్టు. నెలనెలా చుక్క పెట్టి కలపండి. సరైన బరువును చూపే ఆకుపచ్చ పట్టీలో మీ గీత కింది వైపున్నా, చార్టులోని వంపుతో పాటే పైకి పోతుంటే ఫరవాలేదు. ఆకుపచ్చలోనే ఉన్నా రెండు నెలలుగా అడ్డంగా సాగుతుంటే చూపించాల్సిందే.

వీటికి మాత్రం ఆగొద్దు: మూడో నెల దాటినా మనిషిని చూసి నవ్వకపోవడం, ఐదో నెలకూ మెడ నిలవకపోవడం, తొమ్మిది దాటినా కూర్చోకపోవడం, ఏడాది లోపే ఒక్క చేతినే వాడటం, 18 నెలలకూ నడవకపోవడం. మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. బిడ్డ అప్పటికే నేర్చుకున్న పని మర్చిపోవడం ఏ వయసులోనైనా ప్రమాద సూచనే. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో చూపించి, అవసరమైతే కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగానికి రాయించుకోండి. కార్డుతో పాటు బిడ్డ ఇంట్లో కదిలే వీడియో కూడా ఫోన్లో ఉంచుకోండి. డాక్టరు ముందు ఏడుపు తప్ప చాలామంది పిల్లలు ఏమీ చేసి చూపించరు.