మేడ మీద ఏజింగ్ పని పెట్టుకునే ముందు

కాలేజీలకు ఎండాకాలం సెలవులివ్వగానే తిరుపతిలో షార్ట్ ఫిల్మ్‌ల హడావుడి మొదలవుతుంది. నిన్న కొన్న పంచెను పదేళ్లు కట్టినట్టు, కొత్త ట్రంకుపెట్టెను తాత కాలం నాటిదన్నట్టు మార్చే పని, అదే ఏజింగ్, ఎవరో ఒకరి మేడ మీద పడుతుంది. రెండు మూడు సార్లు ఆ మేడ మాదే.

ముందుగా బ్లీచింగ్ సంగతి. రంగు వెలిసినట్టు కావాలంటే అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. అది బాత్రూం కడిగే యాసిడ్‌తో కలిసిందంటే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. వెనిగర్, నిమ్మరసం కలిసినా అంతే. మా వాడొకడు యాసిడ్ పోసిన బకెట్‌ను సరిగ్గా తొలవకుండా అందులోనే బ్లీచింగ్ నీళ్లు కలిపాడు. కళ్లు మండి, దగ్గుకుంటూ మెట్లు దిగొచ్చాడు. ఆరుబయట కాబట్టి సరిపోయింది, తలుపు మూసిన బాత్రూం అయ్యుంటే ఆసుపత్రే. ఈ పనికి బకెట్ వేరే పెట్టుకోండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. పట్టు, ఉన్ని బట్టలకు బ్లీచింగ్ తగలనివ్వొద్దు, పోగులే కరిగిపోతాయి. నూలు బట్టను కూడా ఉత్త నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే చాలదు. లోపల మిగిలిన మందు బట్టను తింటూనే ఉంటుంది. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో (సోడియం థయోసల్ఫేట్) నీళ్లలో ముంచి, ఆ తర్వాత బాగా జాడించండి. వెనిగర్ పోస్తే ఆగిపోతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

నన్నడిగితే సగం పనికి బ్లీచింగే అక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తానును ముంచుతారు. తెల్లగుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. మన టీ డికాషన్ చేసేదీ దాదాపు ఆ పనే, రెండింట్లోనూ టానిన్ అనే వగరు పదార్థం ఉంది. ఇనప బకెట్ మాత్రం వద్దు. టానిన్‌కు ఇనుము తగిలితే నల్లబడుతుంది. బెల్లం, ఇనప ముక్కలు ఊరబెట్టి చేసే కసిమితో కలంకారీలో నలుపు వచ్చేది అలాగే. పాలిస్టర్‌కు డికాషన్ సరిగ్గా పట్టదు, కాబట్టి ముందు ఓ మూల ముంచి చూడండి. దానికి గ్యాస్ టార్చ్ పెడదామనుకోకండి, కరిగి చేతికి అంటుకుంటుంది.

దుమ్ముకు ముల్తానీ మట్టి చాలు, సిమెంటు వద్దే వద్దు. చల్లేవాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. నటుల ముఖం దగ్గర ఫ్యాన్ పెట్టి ఎగరేయొద్దు.

ఎండ గురించి కూడా ఆలోచించాలి. స్ప్రే పెయింట్ డబ్బాలు కారులో వదిలేస్తే పేలొచ్చు. థిన్నర్ వాడుతుంటే పక్కన బీడీ కూడా వెలిగించొద్దు. చాలామందికి తెలియనిది ఒకటుంది: అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. ఒక్కొక్కటీ విప్పి, విడివిడిగా ఆరేయండి.

పాత సామాన్ల కొట్లో తెచ్చిన తలుపుకు సాండ్‌పేపర్ పట్టేముందు ఆగండి, పాత పెయింటులో సీసం ఉండొచ్చు. ఆస్‌బెస్టాస్ రేకులను కొయ్యొద్దు, రుద్దొద్దు. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రావు. తుప్పు కోసం నిజంగా తుప్పుపట్టిన రేకు తెచ్చి నటుడి చేతికి ఇవ్వడమెందుకు? ఫెవికాల్ పూసి కాఫీ పొడి చల్లి, పైన గోధుమరంగు, కాషాయం అద్దితే కెమెరాకు తేడా తెలీదు.

చంద్రగిరి కోటలో తీయాలనుకుంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి. అక్కడి గోడ ఎలాగూ పాతదే, దానికి మీరు మట్టి పూసేదేమీ లేదు.

ఆఖరుగా బట్టల లెక్క. చిరుగులు, వెలిసిన మచ్చలు పడితే పడినట్టే, వెనక్కి రావు. కథలో మొదట కొత్తగా కనిపించే చొక్కా అయితే ఒకే తానులో రెండు కుట్టించి, ఒకటి ముట్టుకోకుండా బీరువాలో పెట్టండి. అద్దెకు తెచ్చినవాటికి తడిగుడ్డతో పోయే మట్టి తప్ప ఇంకేదీ పూయకండి. మేం ఒకసారి పూసి, మొత్తం డబ్బు కట్టాం.