మన వీధి, మన అర్జీ – నాలుగో పాఠం: రోడ్డు ఎవరిది, బండి వేగమెంత?

పోయిన పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే మీ దగ్గర ఇప్పటికి చేత్తో గీసిన పటం ఒకటి ఉండాలి: బడి గేటు, కిరాణా కొట్టు, ట్రాన్స్‌ఫార్మర్, పిల్లలు రోడ్డు దాటే చోటు. లేకపోతే ఇక్కడే ఆగి గీసుకురండి. అరగంట పని.

నేను మొదటిసారి రాసిన అర్జీలో పదకొండు కోరికలు ఉండేవి. బడి ముందు స్పీడ్ బ్రేకర్‌తో మొదలుపెట్టి మురుగు కాలువ, వీధి దీపం, కుక్కలు, మలుపు దగ్గర ఒరిగిపోయిన గోడ... ఏదీ వదల్లేదు. ఇన్వార్డ్ నంబరు వేసి తీసుకున్నారు. నలభై రోజులకు జవాబొచ్చింది, ఒకే ఒక్క వాక్యం: 'తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగమునకు పంపడమైనది.' ఏ విభాగమో లేదు. ఆ కాగితం నాలుగు సెక్షన్ల బల్లలెక్కి దిగిందనీ, తీరా చూస్తే ఆ రోడ్డు మునిసిపాలిటీదే కాదు, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లదనీ తర్వాత తెలిసింది. పెళ్లి ఎవరింట్లోనో కనుక్కోకుండా భోజనానికి బయల్దేరినట్టయింది నా పని.

కాబట్టి ఈ పాఠంలో మొదటి మెట్టు: రోడ్డు ఎవరిదో తేల్చుకోవడం. మన ఊళ్లలో ఒకే కూడలి దగ్గర మూడు శాఖలు కలుస్తాయి. బైపాస్ జాతీయ రహదారి వాళ్లది, మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది, అందులోకి వచ్చి కలిసే సందు మునిసిపాలిటీది. ఊరు దాటితే పంచాయతీరాజ్. కిలోమీటరు రాయి ఉంటే దాని తల చూడండి. పసుపు రంగయితే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి. రాయి లేకపోతే వార్డు సచివాలయంలోనో, మునిసిపల్ ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారినో అడగండి. చాలాసార్లు నోటితోనే చెప్పేస్తారు.

చెప్పకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. దరఖాస్తులో ఈ ఒక్క ముక్క చాలు: 'ఫలానా కూడలి నుండి ఫలానా పాఠశాల వరకు గల రోడ్డు ఏ శాఖ నిర్వహణలో ఉన్నదో తెలుపగలరు. గత మూడు సంవత్సరాలలో దాని మరమ్మతులకు మంజూరైన ఎస్టిమేట్ల నకళ్లు ఇప్పించగలరు.' 'ఎందుకు పట్టించుకోలేదు' అని మాత్రం రాయకండి. ఆ చట్టం కింద రికార్డులో ఉన్నది ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. మీకెందుకు కావాలో మీరూ చెప్పనక్కర్లేదు, ఆరో సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. పది రూపాయల ఫీజు కట్టి రసీదు తీసుకోండి. 30 రోజులు గడువు. తప్పు ఆఫీసులో ఇచ్చినా వాళ్లే అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. నా పదకొండు కోరికల అర్జీకి లేని సౌకర్యం ఇది.

ఇక రెండో మెట్టు, నాకు బాగా ఇష్టమైనది. 'వాహనాలు అతివేగంగా వెళ్తున్నాయి' అని రాస్తే ఇంజినీరుకు చెవికెక్కదు. రోజూ వినే మాటే. అంకె కావాలి. అంకె తేవడానికి పరికరాలేవీ అక్కర్లేదు, టేపు, సుద్దముక్క, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే సరి.

రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. ఇద్దరుండాలి: బండి మొదటి గీత దాటగానే అక్కడున్న ఒకరు చెయ్యి దించితే రెండో గీత దగ్గరున్నవాళ్లు స్టాప్‌వాచ్ నొక్కుతారు, బండి తమను దాటగానే ఆపుతారు. ఆ సెకన్లతో 180ని భాగించండి. వచ్చేది గంటకు కిలోమీటర్లలో వేగం. నాలుగున్నర సెకన్లు పడితే 40, మూడు సెకన్లయితే 60. బడి వదిలే వేళ ఇరవై బళ్లు కొలిచి ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. నెమ్మదిగా వచ్చినవాటిని వదిలేసి వేగంగా వచ్చినవే ఏరుకోకండి, అది మోసం. పైగా పట్టుబడుతుంది.

ఇప్పుడు రోడ్డు వెడల్పు కొలవండి, బళ్లు లేని సమయంలో. ఏడు మీటర్లు అనుకుందాం. రోడ్డు డిజైన్ లెక్కల్లో మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లు అని వేసుకుంటారు. అంటే దాటడానికి సుమారు ఆరు సెకన్లు. 40 మీద వచ్చే బండి ఆ ఆరు సెకన్లలో దాదాపు 67 మీటర్ల దూరం వచ్చేస్తుంది. కర్ర పట్టుకున్న మామ్మగారు సెకనుకు 0.8 మీటర్లే నడుస్తారనుకుంటే దాదాపు తొమ్మిది సెకన్లు, ఇంచుమించు వంద మీటర్లు. ఇప్పుడు బడి గేటు దగ్గర నిలబడి మలుపు వైపు చూడండి. ఎంత దూరం కనబడుతోంది? మా దగ్గర 38 మీటర్లు, గోడ అడ్డం. మామ్మగారు మొదటి అడుగు వేసేటప్పటికి ఆ బండి ఇంకా కనబడనే కనబడదు. అర్జీకి గుండెకాయ ఈ వాక్యమే.

ఈ లెక్కంతా ఎందుకంటే, ప్రభుత్వం వాడే 'బ్లాక్ స్పాట్' లెక్క వేరు. జాతీయ రహదారుల మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో అయిదు తీవ్ర ప్రమాదాలు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి, అప్పుడే ఆ పేరు పడుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. మన వీధి ఆ జాబితాకెక్కే దాకా కూర్చోలేం. మనం కొలిచేది ప్రమాదానికి ముందున్న దూరాన్ని.

మూడో మెట్టు, రాయడం. నా పాత వాక్యం: 'ఇక్కడ నిత్యం ప్రమాదాలు జరుగుచున్నందున వెంటనే స్పీడ్ బ్రేకర్ వేయవలసిందిగా కోరుచున్నాము.' దీనిలో రెండు చిక్కులున్నాయి. 'నిత్యం' అబద్ధం. స్పీడ్ బ్రేకర్ అడగడమేమో వాళ్ల చేతికి వంక ఇవ్వడం. జాతీయ రహదారుల మీద ఉన్న స్పీడ్ బ్రేకర్లు తీసేయమని కేంద్రం 2016లోనే చెప్పింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లోనూ వాటి చోటు చిన్న రోడ్లే. రోడ్డు పెద్దదయితే అర్జీ అక్కడే మూతపడుతుంది.

మార్చి రాసింది ఇది: 'పాఠశాల గేటు వద్ద రోడ్డు వెడల్పు 7 మీ. కనబడే దూరం 38 మీ. సాయంత్రం 4 గం.కు కొలిచిన 20 వాహనాలలో 13 వాహనాల వేగం గంటకు 40 కి.మీ. మించినది (పట్టిక జతచేయడమైనది). రాబోయే 15 రోజులలో బడి వదిలే వేళ మీ శాఖ, ట్రాఫిక్ పోలీసు, మునిసిపాలిటీ కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ జరిపి, దాటే ఏర్పాటు నిర్ణయించ ప్రార్థన.' అడిగింది ఒక్కటే, తేదీతో సహా. జీబ్రా గీతలా, హెచ్చరిక బోర్డులా, గోడ వెనక్కి జరపడమా అన్నది వాళ్ల చదువు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో వచ్చిన 198ఎ సెక్షన్ రోడ్డు నిర్మాణ లోపానికి జరిమానా వేయనిస్తుంది. తెలుసుకుని ఉంచుకోండి, మొదటి అర్జీలోనే దాన్ని చూపించి బెదిరించకండి.

ఇంకో మాట. గేటు పక్క జామకాయల బండి మీద నెపం తోసి అర్జీ తేలిక చేసుకోవాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం బండి ఎక్కడుండాలో తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉంది. పైగా ఆ బండాయనకు మన ఇరవై బళ్ల కన్నా ఎక్కువ లెక్క తెలుసు. సాక్షి సంతకం ఆయన దగ్గరే తీసుకోండి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. అర్జీలు తీసుకునే రోజు తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రలో సోమవారం పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక). మీ కాపీ మీద సీలు, తేదీ, నంబరు పడందే కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

ఈ వారం పని: 50 మీటర్ల గీతలు, ఇరవై బళ్ల పట్టిక, కనబడే దూరం. అర్జీ ఇప్పుడే ఇవ్వొద్దు. వచ్చే పాఠంలో ఆ జాయింట్ ఇన్‌స్పెక్షన్ రోజున ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు మాట్లాడాలో చూద్దాం. సుద్దముక్కలు రెండు తీసుకెళ్లండి, ఒకటి ఎప్పుడూ కాలువలో పడుతుంది.