చంటిబిడ్డతో విమాన ప్రయాణం: ఏడుపు వేళను బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

విమానంలో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పెద్దలు తమకు తెలిసిన ఉపాయాలన్నీ ఒకదాని తరువాత ఒకటిగా ప్రయోగిస్తారు: పాలు పట్టి చూస్తారు, ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతారు, గిలక ఊపుతారు. వాటికంటే ముందు గమనించవలసినది ఆ ఏడుపు ప్రయాణంలో ఏ దశలో మొదలైందన్నది. ఎగిరేటప్పుడు, ఆకాశంలో సాగేటప్పుడు, దిగేటప్పుడు బిడ్డను బాధించేవి వేరు వేరు కనుక, వేళ తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

సమస్య: దిగబోయే ముందు బిడ్డ ఉన్నట్టుండి ఏడవడం, చెవులు లాక్కోవడం

కారణం: కర్ణభేరి వెనుక గాలితో నిండిన చిన్న గది ఉంటుంది. దానిని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నని గొట్టాన్ని యుస్టేషియన్ నాళం అంటారు. విమానం పైకి లేచేటప్పుడు ఆ గదిలోని గాలి వ్యాకోచించి నాళం గుండా తనంత తానే బయటికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు మాత్రం చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి గాలి లోపలికి వెళ్ళవలసి ఉంటుంది. మామూలుగా మూసుకుని ఉండే ఆ నాళమేమో మింగినప్పుడో ఆవలించినప్పుడో తప్ప తెరుచుకోదు. పసిపిల్లలలో అది పొట్టిగా, ఇరుకుగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. పైగా చెవి దిబ్బడ వేస్తే గుటక వేయాలన్న సంగతి పెద్దలకు తెలిసినట్టు వారికి తెలియదు.

పరిష్కారం: బిడ్డ చేత మింగించాలి, అదీ సరైన సమయంలో. విమానం దిగడం చక్రాలు నేలను తాకడానికి సుమారు అరగంట ముందే మొదలవుతుంది. ఇంజిన్ల హోరు తగ్గి, విమానం ముందుకు కొద్దిగా వంగినట్టు అనిపించగానే తల్లిపాలో సీసాపాలో పట్టడం మొదలుపెట్టి, మధ్య మధ్య ఆపుతూ నేలకు దిగేవరకు సాగించాలి. చాలామంది ఎగిరేటప్పుడు కడుపు నిండా పట్టించి, దిగే వేళకు బిడ్డ సీసా ముట్టకపోతే కంగారు పడతారు. రెండింటిలో ఒకటే కుదిరితే దిగేటప్పటి పాలనే ఎంచుకోవాలి, అందుకోసం అంతకు ముందటి పాలను కొంచెం తగ్గించినా తప్పు లేదు. పాలు వద్దంటే నోట్లో పీక పెట్టవచ్చు. పడుకోబెట్టి కాక, తల ఎత్తుగా ఉండేలా ఒడిలో పట్టుకుని తాగించడం మేలు.

నిద్రపోతున్న బిడ్డను లేపాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. నిద్రలో గుటకలు తగ్గుతాయి కనుక, జలుబు ఉన్న బిడ్డనూ, మునుపటి ప్రయాణంలో చెవిపోటుతో బాధపడిన బిడ్డనూ లేపడమే మంచిది. తక్కిన వారిని నిద్రపోనివ్వవచ్చునని నా అభిప్రాయం. చెవుల్లో దూది పెట్టడం వల్ల చప్పుడు కాస్త తగ్గుతుందేమో గాని ఒత్తిడి తేడా తగ్గదు. జలుబు గట్టిగా ఉన్నా, చెవిలో చీము ఉన్నా ప్రయాణానికి ముందే వైద్యుడిని సంప్రదించాలి.

సమస్య: మూత తెరవగానే పాలసీసా నుంచి పాలు చిమ్మడం

కారణం: విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి ఒత్తిడిని సాధారణంగా 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉండేంతగా నిలుపుతారు. నేల మీద బిగించిన సీసాలో మిగిలిన గాలి అక్కడికి వెళ్ళేసరికి నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది; బయటికి పోవడానికి దానికి దారి లేక పాలను తోస్తుంది. స్ట్రా ఉన్న కప్పులలో ఇది మరీ ఎక్కువ.

పరిష్కారం: సీసాను సగం నింపి తీసుకుపోతే అందులో గాలి ఎక్కువ కనుక చిమ్మడమూ ఎక్కువే. అంచు దాకా నింపడం, లేదా ఖాళీ సీసా, నీళ్ళు, కొలిచిన పాలపొడి విడివిడిగా తీసుకువెళ్ళి పైన కలపడం మంచి పద్ధతులు. ఏదైనా సరే, సీసాను నిటారుగా పట్టుకుని, మరను కొద్దిగా వదులు చేసి, గాలి బుస్సుమని పోయాక మళ్ళీ బిగించి తాగించాలి. దిగేటప్పుడు దీనికి విరుద్ధంగా పీక లోపలికి అతుక్కుని పాలు రావు. దానికీ మర వదులు చేయడమే మందు.

పాలపొడికి మరుగుదొడ్డిలోని కుళాయి నీటిని వాడకూడదు. సిబ్బంది ఇచ్చే టీ నీళ్ళు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. వాటిని ఒడిలో బిడ్డ ఉండగా అందుకోకుండా పక్కవారికి ఇవ్వమనాలి.

సమస్య: ఆకాశంలో ఉండగా కాళ్ళు ముడుచుకుని మెలికలు తిరగడం

కారణం సీసాలో జరిగినదే, చోటు మాత్రం కడుపు: అక్కడి గాలి కూడా వ్యాకోచించి బిడ్డను బాధిస్తుంది. డైపర్ నడుము దగ్గర వదులు చేసి, పాలు పట్టిన ప్రతిసారీ భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సమస్య: ముక్కు ఎండిపోవడం, డైపర్ తక్కువగా తడవడం

కారణం: సుదూర ప్రయాణాలలో విమానంలోని గాలి తేమ తరచుగా 20 శాతం కంటే తక్కువగా ఉంటుంది. ఆరు నెలలలోపు బిడ్డకు నీళ్ళు కాక పాలే మరికొన్ని సార్లు పట్టాలి. ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తే ఊపిరి తేలికవుతుంది. దిగే ముందు వేస్తే పాలు తాగడమూ సులువవుతుంది.

సమస్య: ఇద్దరు చంటిబిడ్డలున్న కుటుంబాన్ని వేరు వేరు చోట్ల కూర్చోమనడం

ఇది సిబ్బంది మొండితనం కాదు. ఒక వరుసలో పక్కపక్కనే ఉన్న సీట్లకు పైన సాధారణంగా ఒక్క ఆక్సిజన్ మాస్కు మాత్రమే అదనంగా ఉంటుంది కనుక, అక్కడ ఒడిలో ఒక్క బిడ్డనే అనుమతిస్తారు. టికెట్టు కొనేటప్పుడే నడవాకు ఇటొకరు అటొకరు వచ్చేలా సీట్లు అడగాలి. గోడకు తగిలించే ఊయల తొట్టి వంటి బాసినెట్ కూడా అప్పుడే అడగవలసినది, అవి కొన్నే ఉంటాయి. దానికి బరువు పరిమితి ఉంటుంది, కుదుపులు వచ్చినప్పుడల్లా బిడ్డను తీసి ఒడిలోకి తీసుకోవలసి ఉంటుంది. పెద్దల బెల్టును బిడ్డతో కలిపి పెట్టుకోవడం ప్రమాదం: గట్టి కుదుపులో పెద్దవారి బరువంతా బిడ్డపై పడుతుంది.

సమస్య: ఏ ఉపాయమూ పనిచేయకపోవడం

నిద్ర కోసం జలుబు సిరప్ పట్టడం కొందరి అలవాటు. అది ప్రమాదకరమే కాక, కొందరు పిల్లలలో నిద్రకు బదులు మరింత చిరాకు తెస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, గుండె లేదా ఊపిరితిత్తుల సమస్య ఉన్న బిడ్డకు విమానంలో ఆక్సిజన్ తగ్గడం ఇబ్బంది కావచ్చు కనుక, వైద్యుడి అనుమతి లేకుండా టికెట్టు కొనకూడదు. ప్రయాణంలో ఏ బిడ్డకైనా పెదవులు నీలంగా మారినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య లోతు పడుతున్నా, లేపినా లేవకపోయినా, అది మామూలు ఏడుపు విషయం కాదు. వెంటనే సిబ్బందిని పిలవాలి, విమానంలో ఆక్సిజన్ సీసాలు ఉంటాయి.