పాత ఇంట్లోకి వెలుతురు రావాలంటే

ముందు పగటిపూట లైట్లన్నీ ఆపేసి ఇల్లంతా ఓసారి తిరగండి, ఏ గది చీకటిగా ఉందో, ఏ గోడ అవతల కొబ్బరితోటో కాలవో ఉండిపోయిందో తెలిసిపోతుంది. కిటికీ పెంచాలంటే వెడల్పు జోలికి పోకుండా కింది గోడ మాత్రమే కోయించండి: 3 అడుగుల ఎత్తున్న అంచుని అడుగున్నరకి దించితే కుర్చీలో కూర్చున్నా తోట కనిపిస్తుంది, పైన లింటెల్ (కిటికీ మీది గోడ బరువు మోసే కాంక్రీటు దిమ్మె) కదలదు, ఖర్చూ తక్కువే. పిల్లలుంటే గ్రిల్ తప్పనిసరి.

వెడల్పు చేయాల్సిందే అంటే మాత్రం, 1980ల నాటి డాబాల్లో చాలావాటికి 9 అంగుళాల గోడలే శ్లాబుని మోస్తుంటాయి కాబట్టి, ఇంజినీరుకి చూపించి, శ్లాబు కింద సపోర్టులు పెట్టించాకే గోడ ముట్టుకోవాలి. "ఏం కాదు సార్" అనే మేస్త్రీ మాట నమ్మొద్దు. పడమర వైపు పెద్ద అద్దాలు వద్దు, మే నెలలో ఏసీ కూడా చేతులెత్తేస్తుంది. పెంకుటిల్లయితే పని తేలిక, చీకటి గది మీద నాలుగైదు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టించండి.