టీపీఎం బయోస్‌లోనే ఉంది

అనంతపురంలో మా చిన్నాయన జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు విండోస్ 11 ఎక్కలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయిందని ఆయనకు ఒకటే టెన్షన్. "కొత్తది కొనాల్సిందేనాప్పా?" అన్నాడు.

ప్రాసెసర్ 8వ తరం ఐ3, సరిపోతుంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (సెక్యూరిటీ కీలను దాచే భాగం) లేదని మాత్రం చూపిస్తోంది. చాలా ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ పేరుతో, మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది (ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం). ఆన్ చేశాను.

తర్వాత సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ) దగ్గర ఆగింది. దానికి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలి, అందుకు డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి; ఇదేమో పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. ఇక్కడ వరుస చాలా ముఖ్యం: ముందు బ్యాకప్, తర్వాత విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్‌2జీపీటీ కమాండ్‌తో డిస్క్‌ను జీపీటీలోకి మార్చాలి, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీ (పాత బూట్ పద్ధతి) తీసి యూఈఎఫ్ఐ పెట్టాలి. ముందే పెడితే విండోస్ తెరుచుకోదు.

ప్రింటర్‌కు పాత డ్రైవరే పనిచేసింది. ఆ పూటే ఆధార్ జిరాక్సులు మొదలయ్యాయి.